వాచీ ఉన్నట్టుండి రోజుకి నాలుగు నిమిషాలు ముందుకి పోతోంది, సర్వీసింగ్ తప్పదా?

పావుతక్కువ:

నా దగ్గర ఒక ఆటోమేటిక్ వాచీ (చేతి కదలికకే కీ ఎక్కే రకం) ఉంది, కొని మూడేళ్లు. ఇన్నాళ్లూ రోజుకి ఆరేడు సెకన్లు ముందుకి పోయేది. వారానికోసారి సరిచేసుకునేవాణ్ని, అంతకుమించి పట్టించుకున్నది లేదు. పోయిన మంగళవారం నుంచి ఏమైందో తెలీదు గానీ ఒకటే పరుగు. మొదట టైమ్ పెట్టడంలో నేనే తప్పు చేశాననుకున్నా. బుధవారం రాత్రి ఫోన్ పక్కనే పెట్టుకుని సెకన్ల ముల్లుతో సహా కలిపి పడుకున్నా, గురువారం రాత్రి అదే టైముకి చూస్తే 3 నిమిషాల 50 సెకన్లు ముందుంది. శుక్రవారం కూడా దాదాపు అంతే.

కింద పడలేదు, నీళ్లు తగల్లేదు, ఎక్కడా దెబ్బ కూడా తగల్లేదు. రిపేరు చేసే ఒకాయనకి చూపిస్తే కనీసం చెవి దగ్గర కూడా పెట్టుకోకుండా "మొత్తం విప్పి సర్వీసింగ్ చేయాలి" అనేశారు. నిజంగా అవసరమైతే చేయిద్దాం, కానీ మూడేళ్ల వాచీకి ఇంత త్వరగానా? వెనక మూత తీసి లోపల ప్లస్ మైనస్ ఉన్న పుల్లని కొంచెం జరిపితే సరిపోతుందని ఒక వీడియోలో చూశాను, అది చేయొచ్చా?

స్ప్రింగుచుట్ట:

మూత తీయకండి, సర్వీసింగ్‌కీ ఇవ్వకండి, రెండూ తర్వాత సంగతి. మీరు రాసిందాంట్లో అసలు విషయం "ఉన్నట్టుండి" అన్న మాట. నూనె ఆరిపోతే వాచీ నెలల తరబడి మెల్లమెల్లగా పాడవుతుంది, ఒక్క మంగళవారంనాడు ఆరిపోదు. దెబ్బ తగల్లేదంటున్నారు, అయినా ఒక్కసారిగా నిమిషాల లెక్కన ముందుకి పోతోందంటే నూటికి తొంభై పాళ్లు దానికి అయస్కాంతం పట్టింది.

లోపల బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది కదా, దాన్ని ఊపేది వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగు, హెయిర్‌స్ప్రింగ్ అంటారు. చుట్టలు చుట్టలుగా ఉంటుంది, చుట్టకీ చుట్టకీ మధ్య సందు ఉండాలి. అయస్కాంతం పడితే పక్కపక్క చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు స్ప్రింగు పొడవు తగ్గినట్టే, పొడవు తగ్గితే చక్రం త్వరత్వరగా ఊగుతుంది, ముళ్లు పరిగెడతాయి. అందుకే ఈ జబ్బు పట్టిన వాచీలు ఎక్కువగా ఫాస్టే అవుతాయి, స్లో అయ్యేవి తక్కువ.

దిక్సూచి ఒకటి సంపాదించండి. చిన్న పిల్లల ఆట దిక్సూచి అయినా పర్లేదు, ఫోన్లో ఉండే యాప్ మాత్రం వద్దు, ఫోన్లోనే అయస్కాంతాలుంటాయి. బల్ల మీద పెట్టి వాచీని దగ్గరికి తెచ్చి చుట్టూ మెల్లగా తిప్పండి. ముల్లు కొంచెం వాచీ వైపు లాగినంత మాత్రాన కంగారు పడొద్దు, లోపల ఉక్కు భాగాలున్నాయి కాబట్టి ఆ మాత్రం ఉంటుంది. వాచీని తిప్పుతుంటే ముల్లు ఒకవైపు దగ్గరికి వచ్చి ఇంకోవైపు దూరం జరిగితే మాత్రం, అంటే లాగడమూ నెట్టడమూ రెండూ కనిపిస్తే, ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంకో మాట. రాత్రిపూట వాచీ తీసి ఎక్కడ పెడతారు?

చేతులుకాలినవాడు:

ఆ పుల్ల గురించి చెప్పడానికే నిద్ర మానుకుని రాస్తున్నా. నేనూ వీడియో చూసే మూత తీశాను. అప్పుడు నా వాచీ రోజుకి 18 సెకన్లు స్లో, పెద్ద రోగమేం కాదు. వీడియోలో ఆయన ఒక్క వేలితో చేసినట్టు చేసేశాడు. నిజానికి ఆ పుల్ల ఒక వెంట్రుకవాసి జరిగితే చాలు, పది ఇరవై సెకన్లు మారిపోతుంది. మొదటిసారి నొక్కాను, కదల్లేదు. రెండోసారి కాస్త గట్టిగా నొక్కాను, స్క్రూడ్రైవర్ జారింది. మొన తిన్నగా వెళ్లి హెయిర్‌స్ప్రింగ్ మీద వాలింది. చప్పుడు కూడా లేదు. చూస్తుండగానే చుట్టలన్నీ ఒక పక్కకి ఒరిగి, తడిసిన దారపుండలా తయారైంది. చక్రం రెండు ఊపులు ఊగి ఆగిపోయింది.

18 సెకన్ల కోసం మొత్తం బ్యాలెన్స్ భాగమే మార్పించాల్సి వచ్చింది. పైగా మీ కేసులో అయస్కాంతమే అయితే, ఆ పుల్లతో నాలుగు నిమిషాలు వెనక్కి లాగారనుకోండి, రేపు అయస్కాంతం పోయిన రోజున అదే వాచీ నాలుగు నిమిషాలు స్లో అవుతుంది. కాబట్టి ఆ పుల్ల జోలికి పోకండి.

పావుతక్కువ:

దిక్సూచి దొరికింది, పాత జామెట్రీ బాక్సులో ఉంది. మీరు చెప్పినట్టే వాచీని మెల్లగా తిప్పాను. మూడు అంకె వైపు దగ్గరికి తెస్తే ముల్లు ఠక్కున ఇటు తిరిగింది, తొమ్మిది వైపు తెస్తే మొహం తిప్పుకున్నట్టు అటు పోయింది. నాలుగైదుసార్లు చూశా, ప్రతిసారీ అంతే.

రాత్రిపూట ఎక్కడ పెడతానని అడిగారు కదా, రాసేముందు వెళ్లి చూస్తే నాకే నవ్వొచ్చింది. మంచం పక్క బల్ల మీద టాబ్లెట్ మీద పెడతాను. సోమవారం దానికి కొత్త కవర్ వేశాను, మూస్తే టక్కుమని అతుక్కునే రకం. మూడేళ్లుగా ఒకటే చోటు, సోమవారం నుంచి మాత్రం కింద అయస్కాంతం. ఇప్పుడేం చేయాలి?

స్ప్రింగుచుట్ట:

దొంగ దొరికాడు. అలాంటి కవర్లు, హ్యాండ్‌బ్యాగుల బటన్లు, ఇయర్‌బడ్స్ డబ్బా, స్పీకర్లు, వెనక అతుక్కునే చార్జర్లు, అన్నీ ఆ బాపతే. అయితే అయస్కాంతం బలం దూరం పెరిగేకొద్దీ గబగబా పడిపోతుంది. నాలుగు వేళ్ల దూరంలో పెద్దగా ఏమీ ఉండదు, ఆనించి రాత్రంతా ఉంచితేనే ఇబ్బంది. "యాంటీ మాగ్నెటిక్" అని రాసుంటే ఏమీ కాదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ పాత ప్రమాణం మీటరుకి 4,800 ఆంపియర్ల దాకా తట్టుకోమంటుంది, అంటే సుమారు 60 గాస్. కవర్లోని చిన్న అయస్కాంతం ఆనించిన చోట అంతకు చాలా ఎక్కువే ఉంటుంది. సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ ఉన్న వాచీలకి ఈ చుట్టలతుక్కునే బాధ ఉండదు, మీది అది కాదని స్పష్టమైపోయింది.

డీమాగ్నెటైజర్ అని పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే చిన్న పెట్టె దొరుకుతుంది, కొనక్కర్లేదు, వాచీ రిపేరు చేసే చాలామంది దగ్గర ఉంటుంది, ఒక్క నిమిషం పని, మూత తీయక్కర్లేదు. మీరే చేస్తే ఒక్కటి గుర్తుంచుకోండి: బటన్ నొక్కి పట్టుకునే వాచీని పైకి మెల్లగా తీయాలి, మోచెయ్యి దూరం వచ్చాక బటన్ వదలాలి. చాలామంది వాచీ దాని మీదుండగానే బటన్ వదిలేస్తారు, అలా వదిలితే పోవాల్సిన అయస్కాంతం మళ్లీ పడుతుంది. ఒక్కోసారి ముందుకన్నా ఎక్కువగా. తర్వాత దిక్సూచితో మళ్లీ చూడండి.

రెండోముల్లు:

అయస్కాంతం సంగతి సరే, ఒప్పుకుంటాను. కానీ "ఆరేడు సెకన్లు" అని మామూలుగా అనేశారు చూడండి, అది చాలా మంచి వాచీ అండీ. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (బాగా కచ్చితమైన వాచీ) సర్టిఫికెట్ ఇచ్చే సీవోఎస్‌సీ వాళ్లు వాచీ లోపలి మెషిన్‌ని 15 రోజులు, అయిదు భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల్లో పరీక్షించి రోజుకి సగటున మైనస్ 4 నుంచి ప్లస్ 6 సెకన్ల లోపుంటేనే ముద్ర వేస్తారు. మీది ముద్ర లేకుండానే ఆ గుమ్మం దాకా వచ్చింది. చాలా వాచీల్లో కనిపించే ఎన్‌హెచ్35 మెషిన్‌కి తయారుచేసినవాళ్లే మైనస్ 20 నుంచి ప్లస్ 40 దాకా ఒప్పని రాసుకుంటారు.

ఎందుకు అంత తేడా అనిపిస్తే లెక్క వేసుకోండి. గంటకి 28,800 టిక్కులు కొట్టే వాచీ రోజుకి 6,91,200 కొడుతుంది. పది సెకన్లు తప్పిందంటే అందులో ఎనభై టిక్కులు అటూ ఇటూ అయ్యాయంతే. ఒక చిన్న చక్రం, ఒక స్ప్రింగు, కాస్త నూనెతో ఇది సాధ్యమవడమే నాకు వింత. పది సెకన్లకి ఏడ్చేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది, వాళ్లకి బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ హాయి, మామూలుగా నెలకి పదిహేను ఇరవై సెకన్లకి మించి తప్పదు.

అయస్కాంతం తీయించాక ఒక పని చేయండి. ఒక్క రోజు చూసి తీర్పు ఇవ్వకుండా కనీసం అయిదారు రోజులు ఒకే టైముకి రాసి పెట్టుకోండి. రోజూ ఒకేలా తప్పితే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే, ఎంత తప్పినా సరిదిద్దుకోవచ్చు. ఒకరోజు ప్లస్ 5, ఒకరోజు మైనస్ 20, ఇంకోరోజు ప్లస్ 15 అయితే అప్పుడు లోపల చూపించాల్సిందే. టైమ్‌గ్రాఫర్ ఉన్నవాళ్ల దగ్గర పెట్టించండి, అది మైకుతో టిక్కులు విని చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో కూడా చెబుతుంది. పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా పడుకోబెట్టినప్పుడు 270 పైన ఉంటే బాగున్నట్టు. 200కి పడిపోతే మీ రిపేరాయన చెప్పిన సర్వీసింగ్ అప్పుడు చేయించండి, అదీ టైమ్‌గ్రాఫర్ అంకె చూపించమని అడిగాకే.

పావుతక్కువ:

వేరే ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఏమీ అడక్కుండా పెట్టె తీసి, బటన్ నొక్కి, వాచీని దాని మీద ఆనించి మెల్లగా పైకి లేపారు. రెండుసార్లు. నిమిషం కూడా పట్టలేదు. టైమ్‌గ్రాఫర్ మీద పెడితే 284 డిగ్రీలు చూపించింది. ఇంటికొచ్చి దిక్సూచితో చూశా, ముల్లు కొంచెం ఇటు లాగింది గానీ అటు నెట్టడం అన్నది లేదు.

రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి రాసుకున్నా: ప్లస్ 8, ప్లస్ 7, ప్లస్ 9, ప్లస్ 6, ప్లస్ 8. ఆరో రోజు మాత్రం మైనస్ 5. మళ్లీ టెన్షన్. ఆ రోజు సెలవు, వాచీ చేతికే పెట్టుకోలేదు, రోజంతా బల్ల మీదే ఉంది. (టాబ్లెట్ మీద కాదు లెండి.) దీనికేమైనా అర్థం ఉందా, లేక ఇదింకో జబ్బా?

స్ప్రింగుచుట్ట:

జబ్బు కాదు. చేతికి లేకపోతే దానికి కీ ఎక్కదు. లోపల కీ ఇస్తే బిగుసుకునే మెయిన్‌స్ప్రింగ్ వదులయ్యేకొద్దీ చక్రం ఊపు తగ్గుతుంది, ఊపు తగ్గితే నడక మారుతుంది, ఎటు ఎంత మారుతుందనేది ఒక్కో మెషిన్ తీరు. ఆపైన రోజంతా ఒకే భంగిమలో పడుంది. చేతికి లేని రోజు పొద్దున్నే క్రౌన్‌తో, అంటే వాచీ పక్కనుండే చిన్న మరతో, ఒక ఇరవై ముప్ఫై చుట్లు తిప్పండి.

భంగిమని మీ పనికి వాడుకోవచ్చు కూడా. రాత్రి డయల్ పైకి పెట్టి ఒక నాలుగు రోజులు, క్రౌన్ పైకి ఉండేలా పక్కకి నిలబెట్టి ఒక నాలుగు రోజులు రాసి చూడండి. ఏదో ఒక భంగిమలో కాస్త స్లో అవుతుంది. పగలు పెరిగిన ఏడెనిమిది సెకన్లలో సగమైనా రాత్రి అక్కడ తగ్గించుకోవచ్చు, మూత తీయకుండానే.

చేతులుకాలినవాడు:

టైమ్ సరిచేసేటప్పుడు కూడా జాగ్రత్త. ఫాస్ట్ వాచీ అయితే ముళ్లని వెనక్కి తిప్పక్కర్లేదు, క్రౌన్ లాగితే సెకన్ల ముల్లు ఆగే రకమైతే లాగి పట్టుకుని అసలు టైమ్ వచ్చేదాకా ఆగి, నొక్కేస్తే చాలు. తేదీ మాత్రం రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాము మూడుకీ మధ్య మార్చకండి, అప్పుడు తేదీ తిప్పే పళ్లు పట్టుకుని ఉంటాయి. అది ఎలా తెలిసిందని అడక్కండి.

పావుతక్కువ:

అడగనులెండి, పేరులోనే ఉంది.

క్రౌన్ పైకి పెట్టి నాలుగు రాత్రులు చూశా, ఇప్పుడు రోజుకి ప్లస్ 3. సబ్బు డబ్బాకి ఒక పక్క గాటు పెట్టి అందులో నిలబెడుతున్నా, టాబ్లెట్ గదిలో అటు చివరికి పోయింది. సర్వీసింగ్ చేయాలన్న మొదటాయన నిన్న ఎదురుపడి వాచీ తెచ్చారా అని అడిగారు, టైమ్ ఎంతైందో ఆయన ఫోన్లో చూసి చెప్పమన్నాను, ఆయన చెప్పారు, నేను చెయ్యి చూపించాను.