పాపకు తిరుపతమ్మ అన్న పేరు పెట్టవచ్చునా?

మారతహళ్ళి తల్లి:
మా పాపకు నాలుగు నెలలు నిండాయి. జనన ధ్రువపత్రంలో పేరు ఉండవలసిన చోటు ఇంకా ఖాళీగానే ఉన్నది. ఏడాదిలోపు రుసుము లేకుండా నమోదు చేయించవచ్చునని తెలిసి తొందరపడలేదు. నందిగామలో ఉన్న మా అమ్మమ్మ పేరు తిరుపతమ్మ. అదే పెడదామని మా వారు పట్టుబడుతున్నారు. మా అమ్మేమో, వేదవతి అంటే పాతదీ అవుతుంది, వినసొంపుగానూ ఉంటుంది అంటున్నది. ఈ రెండేళ్ళలో మా అపార్ట్‌మెంటులో పుట్టిన పిల్లల్లో ఒక మైథిలి, ఒక రుక్మిణి, ఒక అరుంధతి ఉన్నారు గాని, "అమ్మ"తో ముగిసే పేరు ఒక్కటీ లేదు. మీరేమంటారు?

అయనావరం పెద్దాయన:
వద్దమ్మా. నా పేరు పెంటయ్య. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, మా నాయనమ్మ నన్ను చేటలో పడుకోబెట్టి, పెంటకుప్ప మీద ఉంచి మళ్ళీ ఎత్తుకున్నదట. ఎవరికీ అక్కరలేని బిడ్డను మృత్యువూ కోరదని ఆనాటివారి నమ్మకం. ఇక్కడ చెన్నైలోని తమిళుల్లో కుప్పుస్వామి, కుప్పమ్మ అన్న పేర్ల వెనుక ఉన్నదీ ఇదే. 1971లో కూడా మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే కన్నుమూసేవారు; 2020 నాటికి ఆ సంఖ్య 28కి దిగింది. ఆ భయం తగ్గింది, ఆ పేర్ల అవసరమూ తీరింది. బడిలో హాజరు పిలిచేటప్పుడు నా వంతు రాకముందే తరగతి అంతా నా వైపు తిరిగేది. పెద్దల బెంగ తీర్చిన పేరును మోసింది నేను.

మైలాపూరు చదువరి:
పెద్దాయన పడిన బాధను నేను కాదనలేను. అయితే పెంటయ్య భయంతో పెట్టిన పేరు, తిరుపతమ్మ భక్తితో పెట్టిన పేరు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. పాత పేర్లు తిరిగి వస్తున్నాయని మనం సంతోషిస్తున్నాము గాని, వస్తున్నవి పురాణాల్లోని పేర్లే, ఊరి దేవతల పేర్లు కావు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, విజయనగరం పైడితల్లి, అనకాపల్లి నూకాంబిక, కోటప్పకొండ కోటయ్య, వీరి పేర్లను మన తాతలు మొక్కుకుని పెట్టుకున్నారు. గుంటూరు మస్తాన్ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్ళలో మస్తానమ్మలు, మస్తానయ్యలు ఉండేవారు. పైడిరాజు అని వినగానే ఆ మనిషి ఉత్తరాంధ్ర వాడని, ఎంత దూరాన ఉన్నా, మనకు తెలిసిపోతుంది. మైథిలి చక్కని పేరే, కాని ఆ పిల్ల తాత ముత్తాతలు ఏ గుడి మెట్లెక్కారో అది చెప్పదు. "అమ్మ", "అయ్య" చేరితే మోటు అనే చిన్నచూపు మనం నేర్చుకున్నదే. పాత పేరు కావాలంటూనే మన ఇంటి పాత పేరును పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు. పైగా తిరుపతి తెలియనివారు బెంగళూరులోనూ చెన్నైలోనూ ఎవరున్నారు? ఆ పేరు విని ఎవరూ తడబడరు.

అయనావరం పెద్దాయన:
మొక్కుబడి పేరైనా తరగతిలో నవ్వేవారు నవ్వుతారు. పేరు మోసేది పాప. పెద్దలు ఆ సంగతి మరువకూడదు.

మారతహళ్ళి తల్లి:
మీ ఇద్దరి మాటలూ నిన్న రాత్రి అమ్మమ్మకు ఫోనులో చదివి వినిపించాను. "నా పేరు దానికెందుకే, నవ్వుతారు" అని పెద్దాయన పక్షమే చేరింది. కాసేపాగి, "మా అమ్మ నన్ను తిరపతీ అని పిలిచేది, ఆ పిలుపు విని అరవై ఏళ్ళయింది" అన్నది. పాపకు తిరుపతమ్మ అనే రాయించడానికి సోమవారం దరఖాస్తు ఇస్తున్నాము.