వైస్ అడ్మిరల్‌ను ‘ఉప నౌకాదళాధిపతి’ అనవచ్చునా?

భారత నౌకాదళానికి అధిపతి అయిన తొలి భారతీయుడు రామదాస్ కటారి గురించి వ్యాసం రాస్తున్న మిత్రులొకరు, వైస్ అడ్మిరల్ (నౌకాదళంలో అడ్మిరల్‌కు ఒక మెట్టు కింది హోదా) అన్న మాటను ‘ఉప నౌకాదళాధిపతి’ అని తెలుగు చేయవచ్చునా అని ఇక్కడ అడిగారు. కూడదని నా అభిప్రాయం. అందుకు నిఘంటువులు తిరగేయనక్కరలేదు. కటారి ఉద్యోగ జీవితమే సాక్ష్యం చెబుతుంది.

ఆయన 1958 ఏప్రిల్ 22న అధిపతి పదవి చేపట్టారు. 1961లో విక్రాంత్ విమానవాహక నౌక మన దళంలో చేరినప్పుడూ, అదే ఏడాది డిసెంబరులో గోవా సైనిక చర్య జరిగినప్పుడూ, 1962 జూన్‌లో విరమించేనాటికీ ఆయన హోదా వైస్ అడ్మిరలే. అధిపతి పదవిలో ఉన్నవారికి పూర్తి అడ్మిరల్ హోదా 1968లో, ఎ. కె. చటర్జీ కాలంలో గాని రాలేదు. అంటే, ‘ఉప’ అని రాసిన మరుక్షణం, నౌకాదళంలో తన పైన మరెవరూ లేని వ్యక్తిని ఎవరికో సహాయకుడిగా నిలబెట్టినట్టవుతుంది. పైగా వైస్ చీఫ్ అనే పదవి ఇప్పుడు వేరే ఉంది. ‘ఉప’ చక్కగా అతికేది అక్కడ. హోదా మనిషితోపాటు నడిచేది, పదవి ఆ కుర్చీకి చెందినది. ఈ తేడా చెరిగిపోకుండా ఉండాలంటే హోదాలను ఉన్నవి ఉన్నట్టుగా తెలుగు లిపిలో రాసి, పదవులను మాత్రమే అనువదించడం మేలు.

వైస్ అడ్మిరల్‌కు కింది హోదా అయిన రియర్ అడ్మిరల్ సంగతీ ఇంతే. తెరచాపల కాలంలో బ్రిటిష్ నౌకలు ముందు, నడుమ, వెనుక అని మూడు భాగాలుగా సాగేవి. నడిమి భాగంలో అడ్మిరల్, ముందు భాగంలో వైస్ అడ్మిరల్, వెనుక భాగంలో రియర్ అడ్మిరల్ ఉండేవారు. ఆ వరుస ఎప్పుడో పోయి పేర్లు మాత్రం మిగిలాయి కనుక, వాటిని విడగొట్టి అనువదిస్తే ‘వెనుక సేనాని’ వంటి నవ్వులాట మాటలే పుడతాయి. ఇక అడ్మిరల్ అన్న మాటకు మూలం అరబ్బీ ‘అమీర్’. అమీరు మనకు కొత్తవాడేమీ కాదు!

అసలు చిక్కు ఈ హోదాల కన్నా ‘ఫ్లీట్’తో వస్తుంది. ఫ్లీట్ అంటే నౌకాదళంలో ఒకే నాయకుడి కింద కలిసి పనిచేసే యుద్ధనౌకల సమూహం. 1956 అక్టోబరు 2న కటారి రియర్ అడ్మిరల్ హోదాలో ఇండియన్ ఫ్లీట్‌కు నాయకత్వం చేపట్టారు, ఆ బాధ్యత ఒక భారతీయుడికి దక్కడం అదే మొదటిసారి. నేవీకీ, ఫ్లీట్‌కూ రెండింటికీ ‘నౌకాదళం’ అనే రాస్తే, ఆయన 1956లో ఒకసారి, 1958లో మరొకసారి అదే పదవి చేపట్టినట్టు పాఠకుడికి తోస్తుంది. విశాఖపట్నం వార్తల్లోనూ ఈ గందరగోళం తప్పదు. తూర్పు నౌకాదళ కమాండ్‌కు వైస్ అడ్మిరల్ అధిపతి కాగా, దాని కిందనే ఉన్న ఈస్టర్న్ ఫ్లీట్‌కు రియర్ అడ్మిరల్ నాయకుడు. రెండింటినీ ‘తూర్పు నౌకాదళం’ అంటే ఎవరు ఎవరి కింద పనిచేస్తున్నారో బోధపడదు.

ఫ్లీట్‌కు ‘నౌకావాహిని’ అన్న మాట నాకు నచ్చుతుంది. సేన అన్న అర్థం ‘వాహిని’లో ముందునుంచీ ఉన్నదే. అది మరీ గ్రాంథికమనుకునేవారు ఫ్లీట్ అనే ఉంచవచ్చు, ‘దళం’ మాత్రం వద్దు.

చీఫ్ ఆఫ్ ది నేవల్ స్టాఫ్‌ను ‘నౌకాదళ సిబ్బంది అధిపతి’ అని రాయడం కూడా మానుకోవాలి. ఆ పదవిలో ఉన్నవారు సిబ్బంది శాఖ పెద్ద కారు, మొత్తం దళానికే పెద్ద.

కాబట్టి ఆ వ్యాసంలోని వాక్యాన్ని నేనైతే ఇలా మారుస్తాను: “1956లో రియర్ అడ్మిరల్ హోదాలో భారత నౌకావాహినికి నాయకుడైన కటారి, 1958లో వైస్ అడ్మిరల్ హోదాలో భారత నౌకాదళాధిపతి అయ్యారు.”