డ్యూటీరియం తగ్గించిన నీళ్లు తాగితే డీఎన్ఏకి నిజంగా మేలా?

వైట్‌ఫీల్డ్_వాసు:
మా అత్తగారికి రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ పూర్తయింది, బెంగళూరులో మా ఇంట్లోనే ఉంటున్నారు. ఎవరో చెప్పారని మా బావమరిది డ్యూటీరియం తగ్గించిన నీళ్ల సీసాలు తెప్పిస్తున్నాడు. ఆ రేటు చూస్తే ఎండాకాలంలో ట్యాంకర్ వాళ్లు దేవుళ్లలా కనిపిస్తున్నారు. మామూలు నీళ్లలో ఉండే బరువు హైడ్రోజన్ (అదే డ్యూటీరియం) డీఎన్ఏ నిచ్చెన మెట్లను సడలిస్తుందట, అది 25 పీపీఎం, అంటే పది లక్షల్లో 25 మాత్రమే ఉన్న నీళ్లు తాగితే అవి బిగుసుకుంటాయట. సీసాతో వచ్చిన కరపత్రంలో ఉంది. ఇలాంటి నీళ్లతో పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. లింకులు వద్దు, అవి చదివే ఈ టెన్షన్ వచ్చింది.

రాత్రిషిఫ్టు_ఎన్ఎంఆర్:
యశ్వంతపురం వైపు ఒక ల్యాబ్‌లో డీఎన్ఏ ముక్కల మీద ఎన్ఎంఆర్ (అయస్కాంతంతో అణువుల్లోని హైడ్రోజన్లను చూసే పరీక్ష) చేస్తాను. భారజలం, అంటే హైడ్రోజన్ బదులు డ్యూటీరియం ఉన్న నీళ్లు, నా చేతిలో రోజూ ఉండేవే.

డీఎన్ఏ బేస్‌లను, అంటే ఆ నిచ్చెన మెట్లలోని ఏ, టీ, జీ, సీ అనే ముక్కలను జతకట్టే హైడ్రోజన్లు ఒకేచోట పాతుకుపోయి ఉండవు. ఏ-టీ మధ్య రెండు, జీ-సీ మధ్య మూడు బంధాలుంటాయి. ఈ జతలు మిల్లీసెకన్లలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ సందులోనే వాటి హైడ్రోజన్లు చుట్టూ ఉన్న నీటి హైడ్రోజన్లతో తారుమారవుతాయి. శాంపిల్‌ని పూర్తి భారజలంలో కలిపితే 12 నుంచి 14 పీపీఎం మధ్య కనబడాల్సిన ఇమినో పీక్‌లు (ఆ జతల్లోని హైడ్రోజన్ల గుర్తులు) మాయమైపోతాయి (ఈ పీపీఎం వేరే లెక్క, కరపత్రంలోది కాదు). అవి కనబడాలంటే 90 శాతం మామూలు నీళ్లు, 10 శాతం భారజలం వాడాలి. పీక్‌లు పోయాయంటే డీఎన్ఏ విడిపోయిందని కాదు. ఆ చోట్లలో హైడ్రోజన్ పోయి డ్యూటీరియం వచ్చిందంతే, జతలు జతలుగానే ఉంటాయి.

ఇప్పుడు కరపత్రం లెక్క చూద్దాం. సముద్రపు నీటిలో డ్యూటీరియం దాదాపు 156 పీపీఎం, అంటే సుమారు 6,400 హైడ్రోజన్లలో ఒకటి. మన కణంలో సుమారు 640 కోట్ల బేస్ జతలుంటాయి, వాటిని కట్టే హైడ్రోజన్లు 1,500 కోట్ల పైమాటే. అంటే ఏ క్షణంలో చూసినా ఒక్కో కణంలో ఇరవై లక్షల పైచిలుకు బంధాల్లో డ్యూటీరియం ఉంటుంది. మన ముత్తాతలకీ అంతే ఉండేది.

డీఎన్ఏ రెండు పోగులు విడిపోయే ఉష్ణోగ్రతను నూటికి నూరు శాతం భారజలంలో కొలిచినా తేడా స్వల్పమే. అదే బఫర్‌లో (డీఎన్ఏని ఉంచే ఉప్పు ద్రావణంలో) సోడియంని పదింతలు మారిస్తే 16 డిగ్రీల దాకా కదులుతుంది. పైగా భారజలంలో మామూలు పీహెచ్ మీటర్ దాదాపు 0.4 తక్కువ చూపిస్తుంది. అది సరిచూడకుండా కొలిచి ఐసోటోప్ (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకం) మహిమ అనేవాళ్లూ ఉంటారు. 156 నుంచి 25కి దిగితే డీఎన్ఏ బిగుసుకుందని ఏ మెషీన్ మీద చూశారో వాళ్లే చెప్పాలి.

జయనగర్_అమ్మ:
నేను తాగాను అసలైన భారజలం! పాప పుట్టాక తల్లిపాల మీద ఒక స్టడీలో చేరాను. తల్లికి ఒకేసారి 30 గ్రాముల భారజలం తాగించి, రెండు వారాల పాటు తల్లీబిడ్డల లాలాజలం తీసుకుంటారు. బిడ్డ ఒంట్లో ఎంత డ్యూటీరియం చేరిందో చూసి ఎన్ని పాలు తాగిందో లెక్కడతారు. కాస్త తియ్యగా అనిపించింది, నా ఊహేమో అనుకున్నా. మా అమ్మ మాత్రం “బాలింతకి అణు నీళ్లు తాగిస్తారా” అని ఒకటే గోల. డ్యూటీరియం రేడియోధార్మికం కాదని అక్కడి డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు.

రాత్రిషిఫ్టు_ఎన్ఎంఆర్:
మేడమ్, తీపి ఊహ కాదు. మన నాలుక మీద తీపిని పట్టే గ్రాహకమే భారజలానికీ స్పందిస్తుందని 2021లో చూపించారు. ఇంకోటి, ఒంట్లో 30 లీటర్ల నీళ్లుంటే ఆ 30 గ్రాములతో డ్యూటీరియం వెయ్యి పీపీఎం దాటుతుంది. మామూలుకంటే ఆరేడు రెట్లు. బాలింతలకు ఇచ్చే డోసే అది. వాసు గారూ, ఇది మీ బావమరిదికి చూపించండి.

వైట్‌ఫీల్డ్_వాసు:
మరి భారజలం తాగిన ఎలుకలు చచ్చిపోతాయంటారే?

రాత్రిషిఫ్టు_ఎన్ఎంఆర్:
చచ్చిపోతాయి, ఒంట్లోని నీటిలో సగం దాకా భారజలం అయితే. పాతిక శాతం దగ్గరే పిల్లలు పుట్టడం ఆగిపోతుంది. మనం మాట్లాడుతున్నది 0.0156 శాతం గురించి. అక్కడ కూడా ప్రధానంగా దెబ్బ తగిలేది డీఎన్ఏకి కాదు, కణం రెండుగా చీలే ప్రక్రియకి. కణం చీలేటప్పుడు క్రోమోజోములను లాగే మైక్రోట్యూబుల్స్ అనే గొట్టాలు గట్టిపడి విభజన నిలిచిపోతుంది. ఇ.కోలై బ్యాక్టీరియా అలవాటు పడితే దాదాపు పూర్తి భారజలంలో పెరుగుతుంది, అదీ డీఎన్ఏతోనే బతుకుతోంది కదా.

క్వాంటమ్_కుమార్:
ప్రోటాన్ టన్నెలింగ్, అంటే హైడ్రోజన్ కేంద్రకం అడ్డంకిని దాటి అవతలికి దూరిపోవడం, దాని సంగతేంటి? బేస్‌ల మధ్య ప్రోటాన్ దూకితే మ్యుటేషన్ రావచ్చని లోవ్‌డిన్ అనే శాస్త్రవేత్త 1963లోనే అన్నాడు కదా.

రాత్రిషిఫ్టు_ఎన్ఎంఆర్:
అన్నాడు. కానీ బరువు పెరిగితే టన్నెలింగ్ తగ్గుతుంది కుమార్. ఆ లెక్కన డ్యూటీరియం ఎక్కువుంటేనే డీఎన్ఏకి క్షేమం అని ఇంకో కరపత్రం వేసుకోవచ్చు. అదీ నమ్మొద్దు. వెలుతురుతో పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ (చురుకైన ఆక్సిజన్ రకం) మామూలు నీళ్లలో కొన్ని మైక్రోసెకన్లే ఉంటుంది, భారజలంలో పదింతలకు పైగా నిలిచి డీఎన్ఏలోని గ్వానిన్‌ని (జీ బేస్‌ని) ఎక్కువ దెబ్బతీస్తుంది. ఒక్క ఐసోటోప్‌కే ఒకచోట మేలు, ఒకచోట కీడు, అదీ దాదాపు పూర్తి భారజలంలో.

కల్పాక్కం_రిటర్న్స్:
ఇందాకటి నుంచి డ్యూటీరియమే మాట్లాడుతున్నారు, డీఎన్ఏకి భయపడాలంటే హైడ్రోజన్‌లో మూడో రకం ఉంది, రేడియోధార్మికమైన ట్రిటియం. ఇప్పుడు బెంగళూరులో ఉన్నా, ముందు కల్పాక్కం అణువిద్యుత్ కేంద్రంలో కాంట్రాక్టు మీద ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసేవాడిని. అక్కడి రియాక్టర్లలో భారజలం న్యూట్రాన్లను పట్టుకుని ట్రిటియంగా మారుతూ ఉంటుంది. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు. అది విడుదల చేసే బీటా కణం (ఎలక్ట్రాన్) చాలా బలహీనమైంది, నీళ్లలో ఆరు మైక్రాన్లు కూడా దాటదు, చర్మం పై పొరే ఆపేస్తుంది. కానీ ఊపిరితోనో చర్మం ద్వారానో ఆవిరి లోపలికి వెళ్తే నీళ్లలా ఒళ్లంతా పాకుతుంది. అందుకే ప్లాస్టిక్ సూట్లు, ఆ తర్వాత మూత్రం శాంపిల్. పరిమితి దాటితే మంచినీళ్లు, మజ్జిగ బాగా తాగమంటారు. సగం బయటికి పోవడానికి పది రోజులు పట్టేది ఇంకా తగ్గుతుంది.

నీళ్లుగా ఉంటే ఒక రకం. డీఎన్ఏ కట్టే ముక్క అయిన థైమిడిన్‌లో చేరి నేరుగా డీఎన్ఏలో ఇరుక్కుంటే ఆ ఆరు మైక్రాన్లే కేంద్రకానికి చాలు. ట్రిటియం హీలియంగా మారినప్పుడు అక్కడి బంధం కూడా తెగుతుంది.

బోరుబావి_శాస్త్రి:
అయ్యో, ఇది చదివి ఎవరూ వాననీళ్లు మానేయకండి. కాస్మిక్ కిరణాల వల్ల వానలో ట్రిటియం ఎప్పుడూ ఉంటుంది, లీటరుకి ఒక బెక్వెరెల్ (రేడియోధార్మికత కొలత) కూడా ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన స్థాయి 10,000. 1963 ప్రాంతంలో బాంబు పరీక్షల వల్ల బాగా పెరిగి మళ్లీ తగ్గింది. నేలలోకి దిగాక కొత్తది చేరదు, ఉన్నది తరుగుతూ పోతుంది. అందుకే బోరు నీళ్ల వయసు కట్టడానికి మాకు అది పనికొస్తుంది. వెయ్యి అడుగుల లోతులోని పాత నీళ్లలో దాదాపు సున్నా. అంతమాత్రాన మన బోరు నీళ్లు అమృతం కావు, నైట్రేట్ టెస్ట్ చేయించాల్సిందే.

హెల్త్_హరిత:
నేను ఆ నీళ్లు తాగుతున్నా. నిద్ర బాగా పడుతోంది. అన్నీ మెషీన్‌లో కనబడవండి.

ఆంకో_నర్స్:
నిద్ర పడితే సంతోషమేనమ్మా. వాసు గారూ, ఈ నీళ్ల మీద కణాల్లో, ఎలుకల్లో కొన్ని పేపర్లున్నాయి, క్యాన్సర్ తిరగబెట్టకుండా ఆపుతుందని మనుషుల్లో నిరూపణ కాలేదు.  మా వార్డులో నాకు భయం వేసేది వేరే. ఇలాంటివి మొదలుపెట్టాక కొందరు హార్మోన్ మాత్రలు ఆపేస్తారు, మామోగ్రామ్‌కి రారు. మీ అత్తగారికి మాత్రలు రాసుంటే రోజూ వేసుకుంటున్నారో లేదో కనుక్కోండి. సీసాల సంగతి కూడా డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

వైట్‌ఫీల్డ్_వాసు:
కనుక్కున్నాను. మాత్రలు వేసుకుంటున్నారు, మామోగ్రామ్ డేట్ మాత్రం దాటిపోయింది, శనివారానికి తీసుకున్నాం. సీసాల ఆర్డర్ ఆపించాను. బావమరిది అలిగాడు, ఈ చర్చ అంతా ఫార్వర్డ్ చేశాను.