మెయిల్‌లో డిస్పారిటీ అనాలా, డిస్క్రిమినేషన్ అనాలా?

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, సుబేదారి. అమెరికాలోనే మాస్టర్స్ చేసి డాలస్‌లో ఉద్యోగంలో చేరాను, ఈమధ్యే హెచ్-1బి వీసా వచ్చింది. నా టీమ్‌లో నా పనే చేసే ఒకతనికి నాకన్నా జీతం బాగా ఎక్కువని తెలిసింది. మేనేజర్‌ను అడిగితే మెయిల్ పెట్టు, హెచ్ఆర్‌కు పంపుతా అన్నాడు. ‘కంపెనీ ఈజ్ డూయింగ్ డిస్పారిటీ విత్ మీ’ అని రాసి పెట్టుకున్నా. డిస్క్రిమినేషన్ అని రాస్తేనే కదులుతారని రూమ్మేట్ అంటున్నాడు. రేపు పంపాలి, టెన్షన్‌గా ఉంది. కొంచెం చూడండి.

కాజీపేట అక్క, డాలస్:

తమ్ముడూ, ఆగు, అది పంపకు. ముందు వాక్యం సంగతి. డిస్పారిటీ ఒకరు చేసేది కాదు, ఉండేది. మన దగ్గర ‘సార్ పార్షియాలిటీ చేస్తున్నడు’ అంటాం కదా, ఆ అలవాటు మీద రాసినట్టున్నావు. ఈ మాటకు రెండు పక్కలు కావాలి. అతని జీతానికీ నీ జీతానికీ మధ్య అంటే ‘బిట్వీన్’, జీతాల్లో అంటే ‘ఇన్’. ప్రతి తేడాకూ కూడా ఇది వాడరు. నీది ఎర్ర షర్టు, నాది నల్ల షర్టు అయితే అది డిఫరెన్సే. సమానంగా ఉండాల్సిన చోట ఫరక్ కొట్టొచ్చినట్టు కనిపిస్తే అప్పుడు డిస్పారిటీ. జీతాలు, వైద్యం, చదువు గురించిన వార్తల్లో ఎక్కువగా వినిపించేది అందుకే.

డిస్క్రిపెన్సీ అని ఇంకోటి ఉంది, మనవాళ్లు రెండూ కలిపేస్తారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తీసుకుపోయినవనుకో. కాంటా మీద తూగిన బరువు ఒకటి, తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, రాసింది ఇంకోటి అయితే అది డిస్క్రిపెన్సీ, లెక్క కలవలేదు. అదే రోజు, అదే రకం, అదే నాణ్యత సరుకుకు పెద్ద రైతుకు ఒక రేటు, నీకు ఒక రేటు పడితే డిస్పారిటీ. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక తీరు, సర్టిఫికెట్‌లో ఇంకో తీరు ఉంటే డిస్పారిటీ అని రాస్తున్నారు, తప్పు.

ఇక రూమ్మేట్ సలహా. ఆఫీసు మెయిల్‌లో డిస్క్రిమినేషన్, అంటే వివక్ష, అని రాస్తే అది ఆరోపణ. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం జాతి, రంగు, మతం, లింగం, ఏ దేశం నుంచి వచ్చారన్నది, వీటిలో ఒక కారణం చూపాలి. ఆడ, మగ జీతాల తేడాకు 1963 నాటి చట్టం వేరే ఉంది. నీకు అలాంటి ఆధారం ఉంటే నిక్షేపంగా రాయి, భయపడకు. అవతలి అతనికి అనుభవం ఎక్కువ కావడమే కారణమైతే మాత్రం నీ మాట నిలబడదు. డిస్పారిటీ అంటే ఫరక్ ఉందని మాత్రమే చెప్పినట్టు, తప్పెవరిదో చెప్పినట్టు కాదు. నీకు ఇప్పుడు కావాల్సింది అదే.

ఇంకో పని చెయ్. హెచ్-1బి కోసం కంపెనీ కార్మిక శాఖకు పెట్టిన ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) కాపీ నీకు ఇవ్వాలి, ఇవ్వకపోతే అడుగు. అందులో నీ జీతం ఎంత, నీ ఏరియాలో ఆ పనికి నడుస్తున్న జీతం ఎంత, రెండూ ఉంటాయి. ఆ నడుస్తున్న జీతం ఒకటి, నీలాంటి అనుభవమే ఉన్నవాళ్లకు ఆ కంపెనీలో ఇస్తున్న జీతం ఒకటి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది నీకు ఇవ్వాలని రూలు.

హుజూరాబాద్ పెద్దాయన, న్యూజెర్సీ:

బిడ్డా, ఈ మాట మనకు కొత్తదా? రీజినల్ డిస్పారిటీస్ అని 1969 తెలంగాణ ఉద్యమం నుంచీ వింటూనే పెరిగినం. 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1985లో వచ్చిన 610 జీవో, అన్నింటి వెనుకా అదే లొల్లి. మన అక్కంపేట జయశంకర్ సార్ నీళ్లు, నిధులు, నియామకాలు అంటూ ఒక్కోదాన్నీ లెక్క తీసి చెప్పేవారు. నువ్వూ ఇటు ఎంత, అటు ఎంత అన్నది అంకెల్లో పెట్టు.

పెద్దపల్లి అన్న, సియాటిల్:

అక్క చెప్పింది బాగుంది కానీ ఒక్క మాట. ఈ పదంతో కంపెనీలకు కూడా సుఖమే. ‘అవును, డిస్పారిటీ ఉంది, పరిశీలిస్తాం’ అని ఊరుకుంటారు. ఎవరూ చేయనిదాన్ని ఎవరు సరిచేస్తారు? అందుకని చివర నీకేం కావాలో, ఏ తేదీలోపు జవాబు కావాలో రాయి. జీతాలు మాట్లాడుకున్నారని తిడతారేమో అనే భయం వద్దు. మేనేజర్ స్థాయి కాని ఉద్యోగులకు ఆ హక్కు 1935 చట్టంలోనే ఉంది. అయినా అతని పేరు మాత్రం రాయకు, అతన్ని ఇరికించడం ఎందుకు.

హన్మకొండ తమ్ముడు:

థ్యాంక్స్ అక్కా, అన్నా, పెద్దనాన్నా. ఇలా మార్చాను: ‘దేర్ ఈజ్ ఎ హ్యూజ్ పే డిస్పారిటీ బిట్వీన్ మై పొజిషన్ అండ్ అదర్స్ ఇన్ ది సేమ్ రోల్.’ కింద రెండు అంకెలు, ఎల్‌సీఏ కాపీ కావాలన్న మాట, జవాబు తేదీ పెట్టాను.

కాజీపేట అక్క:

‘హ్యూజ్’ తీసెయ్, అంకెలు ఉన్నాయి కదా. ‘పొజిషన్’ బదులు ‘శాలరీ’ అను, ‘అదర్స్’ ముందు ‘దట్ ఆఫ్’ పెట్టు. ఇక పంపు.