సిసిలీలో శాకాహారి అమ్మకు ఏం తినిపించవచ్చు?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మను తీసుకుని ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్తున్నాను. ఆవిడ చేప, మాంసం, గుడ్డు ముట్టదు. ట్రాపనీ ఊరి కుస్కుసు (గోధుమ రవ్వ వంటకం) చేపల పులుసుతో తినేది, మందపాటి పిజ్జా లాంటి స్ఫించొనెలో ఆంకోవీ చేపలు వేస్తారు, కాబట్టి ఆ రెండూ వద్దనుకున్నాం. పలెర్మోలో శనగపిండితో చేసి నూనెలో వేయించే పనెల్లే మాత్రం ఆవిడకు తప్పకుండా నచ్చుతాయి. వంకాయ, సెలెరీ, ఆలివ్‌లు, కేపర్లు (ఊరబెట్టిన పూమొగ్గలు) వేసి వెనిగర్, పంచదారలతో పుల్లతీపిగా వండే కపొనాతా అయితే మరీను!

అక్కడ ఉన్నవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి: వీధి బండ్ల దగ్గర పనెల్లే వేయించే నూనెలోనే చేపలూ వేయిస్తారా? కతానియాలో వంకాయ పాస్తా నోర్మా మీద తురిమే ఉప్పు రికోత్తా అనే జున్ను, దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో విరగ్గొట్టిన పాల తేటతోనే చేస్తారా? అయితే ఆ రికోత్తా లేకుండా అడిగితే ఇస్తారా? మాంసం లేని అరంచీనీ (వేయించిన అన్నం ఉండలు) ఎక్కడ దొరుకుతాయి? అమ్మ పస్తుండకుండా, ఆ ఊళ్ల రుచులే తినాలని నా కోరిక.