హోర్ముజ్ దీవి గుర్రాల గురించి తెలిసినవారు చెప్పగలరా?

నమస్కారం. పర్షియా సింధుశాఖ ముఖద్వారంలో ఉన్న హోర్ముజ్ రాజ్యం గురించి చదువుతున్నాను. తాగునీళ్లు కూడా బయటినుంచి తెచ్చుకున్న ఆ చిన్న దీవి నుంచి విజయనగరానికి గుర్రాలు వచ్చేవి. సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా సాళువ నరసింహరాయలు డబ్బిచ్చేవాడనీ, తోక తెచ్చి చూపిస్తే చాలనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. గుర్రాల కోసం ఎంత తపించారో! పర్షియాను ఏలిన తైమూరు కొడుకు షారుఖ్ పంపిన రాయబారి అబ్దుర్ రజాక్ కూడా హోర్ముజ్‌లో ఓడెక్కే 1443లో విజయనగరం చేరాడు.

మరి హోర్ముజ్ రాజులు, రాయలు నేరుగా రాయబారులను పంపుకున్నారా? 1515లో పోర్చుగీసువాళ్లు ఆ దీవిని పట్టుకున్నాక బేరాలు ఎవరితో జరిగేవి? మన శాసనాల్లో, కైఫీయతుల్లో (ఊళ్ల స్థానిక చరిత్రల్లో) ఈ గుర్రాల వర్తకుల ప్రస్తావన ఎక్కడైనా కనిపిస్తే దయచేసి చెప్పండి. ఊరి పేరు తెలిసినా చాలు, నేను వెతుక్కుంటాను.