షాట్‌గన్ ఫిటింగ్ ముందా, మౌంట్ ముందా? మీరేమంటారు?

మణికొండ నాన్న

మా అమ్మాయికి పదిహేడేళ్లు. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ప్రాంగణంలోని రేంజ్‌లో ట్రాప్, అంటే గాల్లోకి ఎగిరే మట్టి బిళ్లల్ని (క్లేల్ని) షాట్‌గన్‌తో పగలగొట్టే ఆట, నేర్చుకుంటోంది. గన్ క్లబ్‌ది, 12 బోర్. రెండో రౌండ్ అయ్యేసరికి కుడి చెంప ఎముక మీద ఎర్రగా కందిపోతోంది. ఇక అక్కడి నుంచి ట్రిగ్గర్ నొక్కే ముందే తల పైకి లేపేస్తోంది. స్టాక్, అంటే భుజానికి ఆనించే గన్ వెనక చెక్క భాగం, తనకి తగ్గట్టు సరిచేయిద్దామంటే కోచ్ గారు వద్దన్నారు. ముందు మౌంట్, అంటే గన్ ఎత్తి భుజానికీ చెంపకీ ఆనించే తీరు, కుదరాలి, ఫిటింగ్ తర్వాత అంటారు. అక్కడే ఇంకో పెద్దాయన, సరిపోని గన్‌తో నేర్చుకున్నదంతా వృథా అంటారు. ఎవరి మాట వినాలి?

పాత ట్రాప్ షూటర్

కోచ్ గారి మాటే వినండి సార్. రోజుకో రకంగా గన్ ఎత్తే మనిషికి కొలతలు తీస్తే, ఆ రోజు చేసిన తప్పుని కొలిచినట్టే. ఇవాళ మెడ ముందుకి చాచి నిలబడుతుంది, మూడు నెలలకి నిటారుగా నిలబడటం వస్తుంది. అప్పుడు కావలసిన పొడవు వేరు. పైగా ఆ వయసులో ఒళ్లు ఇంకా కొంత మారొచ్చు. చెక్క ఒకసారి కోశాక మళ్లీ అతికించలేం, గన్ మీది కూడా కాదు. క్లబ్‌లోనే, గన్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, అద్దం ముందు రోజూ ఎత్తడం అలవాటు చేయించండి. చేతులకి ఆ దారి తెలిశాక ఫిటర్ దగ్గరికి వెళ్లండి.

తార్నాక స్కీట్

బాబాయ్ గారూ, చెక్క కోయడం గురించి మీరన్నది నిజం. మిగతాది నేను ఒప్పుకోలేను.

రైఫిల్‌కి గురి చూడటానికి వెనకొక సైట్, ముందొక సైట్ ఉంటాయి. షాట్‌గన్‌కి వెనక సైట్ ఉండదు, ఆ పని మన కన్నే చేస్తుంది. ఆ కన్ను రిబ్‌కి, అంటే గొట్టం పైనుండే పట్టీకి, ఎంత ఎత్తులో ఉండాలో నిర్ణయించేది కోంబ్, అంటే చెంప ఆనించే స్టాక్ పై అంచు. కోంబ్ ఎత్తులో 3 మిల్లీమీటర్లు తేడా వస్తే 16 గజాల దగ్గర పెల్లెట్ల (తూటాలోంచి వచ్చే చిన్న గుండ్ల) గుంపు దాదాపు 5 సెంటీమీటర్లు పైకో కిందికో జరుగుతుంది. దూరం రెట్టింపైతే పది. క్లే మొత్తం వెడల్పే 11 సెంటీమీటర్లు. పెల్లెట్లు విచ్చుకుంటాయి కాబట్టి కొన్ని తగులుతూనే ఉంటాయి. కానీ ఏది ఎందుకు పగిలిందో, ఏది ఎందుకు మిస్సయిందో పిల్లకి తెలియదు. నా బాధంతా అదే. తప్పు తనదే అనుకుని టెన్షన్ పడుతుంది, తల లేపుతుంది, ఇంకా మిస్సవుతుంది. మంచి పిల్లలు ఇలాగే మానేస్తారు.

సార్, మీ అమ్మాయి ఒంటి మీద దెబ్బ ఎక్కడ తగులుతోందో చూడండి, అది చాలా చెబుతుంది. చెంప ఎముక కందితే కోంబ్ ఎత్తు తనకి కుదరలేదేమో, లేదా చెంప గట్టిగా ఆనక కిక్‌కి స్టాక్ ఎగిరి తగులుతోందేమో. భుజం గుంటలో కాకుండా జబ్బ మీద కందితే స్టాక్ పొడవు ఎక్కువై పక్కకి జారుతోందన్న అనుమానం రావాలి. ట్రిగ్గర్ గార్డ్ మధ్యవేలికి కొట్టుకుంటుంటే పొడవు తక్కువేమో చూడాలి. అమ్మాయిలకి ఇంకొకటి ఉంది. బట్, అంటే భుజానికి ఆనే స్టాక్ చివర, దాని కింది మొన ఛాతీకి గుచ్చుకుంటుంది, అందుకని తెలియకుండానే గన్ బయటికి జరుపుతారు. అది మౌంట్ తప్పు కాదు, బట్ కోణం తప్పు. ఫ్యాక్టరీ స్టాక్ సగటు మగవాడి కొలతకి చేసింది, దాన్ని పట్టుకుని అద్దం ముందు నెలల తరబడి ఎత్తితే తప్పుడు మౌంటే గట్టిపడుతుంది.

చెక్క కోయకుండానే చేయగలిగినవి ఉన్నాయి. క్లబ్‌లో అడ్జస్టబుల్ కోంబ్ ఉన్న గన్ ఉంటే అదే అడగండి. లేకపోతే కోంబ్ మీద అంటించే ప్యాడ్ వాడండి, అవసరం తీరాక తీసేయొచ్చు. పొడవు కోసం బట్ ప్యాడ్ విప్పి సన్నదో మందందో మార్చొచ్చు. వీటన్నిటికంటే ముందు ఏ కన్ను బలమైనదో చూడండి. రెండు అరచేతులూ చాచి మధ్యలో చిన్న సందు పెట్టి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న వస్తువుని అందులోంచి చూడమనండి. తర్వాత ఒక్కో కన్నూ మూయమనండి. కుడి కన్ను మూస్తే వస్తువు కదలకుండా ఉండి, ఎడమ కన్ను మూస్తే మాయమైతే ఎడమ కన్నే బలమైనది. అలాగైతే కుడి భుజం మీద ఎంత ఫిటింగ్ చేసినా ఫలితం ఉండదు. ఆ సంగతి ముందు కోచ్‌తో తేల్చుకోవాలి.

మణికొండ నాన్న

దుకాణంలో బట్‌ని మోచేతి మడతలో పెట్టి, చూపుడువేలు ట్రిగ్గర్‌కి అందితే పొడవు సరిపోయినట్టే అన్నారు. ఆ పద్ధతి నమ్మొచ్చా?

పాత ట్రాప్ షూటర్

అది నమ్మకండి. అందులో కొలిచేది ముంజేతి పొడవొక్కటే. మెడ పొడవు, భుజం వెడల్పు, ఛాతీ మందం ఏవీ లెక్కలోకి రావు. గన్ మౌంట్ చేసి, చెంప ఆనించాక ముక్కుకీ బొటనవేలి మొదలుకీ మధ్య రెండు మూడు వేళ్ల ఎడం ఉందో లేదో చూడండి. అదీ షూటింగ్ వెస్ట్ వేసుకునే చూడాలి. ఇక్కడ మే నెలలో టీషర్ట్ మీద కొలిపించుకుని, జనవరిలో ఢిల్లీ కర్ణీ సింగ్ రేంజ్‌లో స్వెటర్ మీద వెస్ట్ వేస్తే అదే గన్ పొడవైపోయి చంకలో తట్టుకుంటుంది.

తార్నాక అమ్మాయి చెప్పిన ప్యాడ్ల సంగతి ఒప్పుకుంటాను, తీసేయగలిగినవి కాబట్టి. కోంబ్ ఇప్పుడే సరిచేయండి. కాస్ట్, అంటే స్టాక్‌ని పక్కకి వంచడం మాత్రం మౌంట్ నిలకడగా వచ్చాకే. ఇందులో మాత్రం నా మాట మారదు.

తార్నాక స్కీట్

ట్రాప్‌లో గన్ ముందే భుజానికి పెట్టుకుని క్లే పిలుస్తారు కాబట్టి మీకు ఆగే వీలుంది బాబాయ్ గారూ. స్కీట్‌లో, అంటే రెండు పక్కల నుంచి క్లేలు అడ్డంగా వెళ్లే ఆటలో, బట్ నడుము దగ్గర ఉంచి పిలవాలి, క్లే కనపడ్డాకే ఎత్తాలి. ఆ క్షణంలో తల సర్దుకునే టైమ్ ఉండదు. అందుకే స్కీట్‌కి వెళ్లే పిల్లలకి కాస్ట్ కూడా త్వరగా చూడాలంటాను. ఈ అమ్మాయి ట్రాప్ కాబట్టి ఆగొచ్చు.

కోంబ్ మార్చాక మాత్రం క్లేల మీద పరీక్షించొద్దు సార్. 16 గజాల్లో పెద్ద కాగితం కట్టించి, మధ్యలో గుర్తు పెట్టి, గురి చూస్తూ ఆగకుండా గన్ ఎత్తగానే కాల్చమనండి. ఒకే కాగితం మీద అయిదారు షాట్లు పడితే పెల్లెట్లు ఎక్కడ గుమిగూడుతున్నాయో తెలుస్తుంది. ట్రాప్ క్లే పైకి లేస్తూ వెళ్తుంది కాబట్టి గుంపు గుర్తుకి కాస్త పైన పడితే మంచిదే. కిందికో పక్కకో పడితే ఆ కాగితం తీసుకెళ్లి కోచ్ గారికి చూపించండి, దాని మీద మాట్లాడటం తేలిక.

మణికొండ నాన్న

ఆదివారం కన్ను పరీక్ష, కోంబ్ ప్యాడ్, కాగితం ఈ మూడూ చేయిస్తాను. ప్యాడ్ పెట్టడానికి క్లబ్‌వాళ్ల అనుమతి ఈ రోజే అడుగుతాను. షాట్లు ఎటు పడ్డాయో ఇక్కడే రాస్తాను.